మేడమ్ అన్న మెకానిక్

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయే రోడ్డులో, రొయ్యల గుంటలు మొదలయ్యే ముందు, ఎడమ పక్కన ఒక వీధి ఉంది. ఆ వీధిలో ఏ ఇంటికి మెకానిక్ వచ్చినా, అతని చేతికి మంచినీళ్ల చెంబు అందేలోపల ఇంకొకరికి కబురు వెళ్తుంది. ఆమె చంకలో ముక్కాలిపీట పెట్టుకుని వస్తుంది. పీట వేసుకుని, మెకానిక్ చేతులకి జానెడు దూరంలో కూర్చుంటుంది. సలహాలు ఇవ్వదు. చూస్తుంది. అతను టీ అడిగితే ఇంకెవరినైనా పెట్టమంటుంది గాని తను లేవదు. ఆ చూపు కింద పావుగంట పనిచేసిన మెకానిక్కులు కొందరు, పోయిందన్న మోటారు పోలేదని వాళ్లంతట వాళ్లే కనుక్కున్నారు.

ఆమె పేరు చెంచులక్ష్మి. వయసు నలభై ఏడు. చదువు ఐదో తరగతి. కెపాసిటర్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. ఆమెకి తెలిసిన శాస్త్రం ఒకటే: దోసెపిండి ఎప్పుడు పులుస్తుంది, ఎందుకు పులుస్తుంది. దానితోనే బతికింది, దానితోనే ఒక దొంగని పట్టుకుంది.

రిపేర్ల పేరుతో మోసపోకుండా ఉండడం ఎలాగో చెప్పే సందేశాలు ఫోన్లలో రోజూ తిరుగుతుంటాయి. కంపెనీ వాళ్లనే పిలవండి, మెడలో గుర్తింపు కార్డు చూడండి, బిల్లు అడిగి తీసుకోండి. చెంచులక్ష్మి ఇవన్నీ పాటించింది. పాటించే, ఒకే వేసవిలో ఒకే ఫ్రిజ్‌కి మూడుసార్లు మోసపోయింది.

పుట్టింది జువ్వలదిన్నెలో. పద్దెనిమిదో ఏట పెళ్లయి ఈ వీధికి వచ్చింది. భర్త రొయ్యల గుంటల దగ్గర మోటార్లు చూసుకునే పనిలో ఉంటాడు. ఇంట్లో ఉండేది తక్కువ, ఉన్నప్పుడు మాట్లాడేది ఇంకా తక్కువ. కూతురు వాణి నెల్లూరులో డిగ్రీ చదువుతూ బస్సులో పోయి వస్తుంటుంది. ఈ ఇంటిని నిలబెట్టింది పిండి. మొదట రోట్లో రుబ్బింది, తర్వాత గ్రైండరు కొంది. అయినా పన్నెండేళ్లపాటు ఆమె వ్యాపారం సూర్యుడితో పరుగుపందెం లాగే సాగింది. పొద్దున పదింటికి అమ్ముడుపోని పిండి మధ్యాహ్నానికి పొంగి, సాయంత్రానికి పులిసి, పక్కింటి గేదెకి దక్కేది. రెండేళ్ల కిందట రెండు తలుపుల ఫ్రిజ్ కొన్నాక గేదె చిక్కింది, చెంచులక్ష్మి తేరుకుంది.

ఆ ఫ్రిజ్‌లో కూరలుండవు, పాలుండవు. మూడు పెద్ద స్టీలు క్యాన్లలో పిండి ఉంటుంది. శనివారం పిండి మొత్తం మైపాడు బీచ్ దగ్గర టిఫిన్ హోటల్ నడిపే రంగనాయకులుకి. ఆదివారం నెల్లూరు జనమంతా సముద్రం చూడ్డానికి వచ్చి, అయిదు నిమిషాలు సముద్రం చూసి, గంటసేపు కారం దోసె తిని పోతారు. ఆ దోసెలు చెంచులక్ష్మి పిండివి. ఆమె ఇల్లు నడిచేది ఆ ఒక్క ఖాతా మీదే.

ఫ్రిజ్ ఇంటికి వచ్చిన రోజు దానికి జరగాల్సిన మర్యాదలన్నీ జరిగాయి. తలుపుకి పసుపు రాసి కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. తలుపు మీది ప్లాస్టిక్ కాగితం మాత్రం తీయలేదు, ఇవాళ్టికీ తీయలేదు. దిష్టికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టాలి. ఫ్రిజ్‌కి మేకు కొట్టలేరు కదా. దాని వెనక గోడకి, ఎప్పుడో క్యాలెండరు కోసం కొట్టిన మేకు ఒకటి ఉంది. దానికి కట్టారు. ప్రతి అమావాస్యకీ పాతది తీసి, కొత్త కాయకి సూదితో దారం గుచ్చి కడుతూ వచ్చింది.

మే నెల మొదట్లో ఒక పొద్దున తలుపు తీస్తే లోపల వెచ్చగా ఉంది. పిండి క్యాను మూత నెట్టుకుని పైకి వచ్చి, అరలన్నీ తడుపుతూ కిందికి దిగింది. చెంచులక్ష్మి అరుపుకి ముందుగా వచ్చింది ఎదురింటి చంద్రమౌళి మాస్టారు. హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. వీధి మొత్తానికి వినియోగదారుల హక్కుల గురించి చెప్పే బాధ్యత ఆయన మీద ఎవరూ పెట్టలేదు. అందుకే దించే వీలు కూడా లేదు.

"దిష్టి తగిలినట్టుండాది మాస్టారూ," అంది చెంచులక్ష్మి.

"అదంతా మూఢనమ్మకం అమ్మా. ముందు కంపెనీకి ఫోన్ చెయ్యండి. లోకల్ వాళ్లని మాత్రం పిలవొద్దు. బిల్లుండదు, గ్యారంటీ ఉండదు, రేపు ఏమైనా అయితే ఎవరిని అడుగుతారు?"

లోకల్ వాళ్లంటే మౌలా. ఇందుకూరుపేట బస్టాండు పక్కన రేకుల కొట్టులో ఫ్యాన్లు, మిక్సీలు, ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. మాస్టారు చెప్పకపోయినా చెంచులక్ష్మి అతన్ని పిలిచేది కాదు. దానికి ఆమెకి బలమైన కారణం ఉంది. మూడేళ్ల కిందట మిక్సీ తిరగడం లేదని అతని దగ్గరికి తీసుకెళ్తే, అతను అడుగున ఉన్న ఎర్ర బొత్తాన్ని వేలితో నొక్కి, "పోక్కా, బాగానే ఉండాది. ఇంకోసారి కొబ్బరి నిండా వెయ్యబాక," అని డబ్బులు తీసుకోకుండా పంపేశాడు. ఇంటికి వచ్చి కూతురితో అంది: "ఆయనకి పని తెలిసినట్టు లేదే. తెలిసినోడైతే ఊరికే పంపిస్తాడా?"

ఈ తర్కం ఆమె ఒక్కదానిది కాదు, ఊరు మొత్తానిది. మందు రాయని డాక్టరు, దోషం లేదనే జ్యోతిష్కుడు, పార్టు మార్చని మెకానిక్, వీళ్లు ముగ్గురూ మన దగ్గర బతికి బట్టకట్టలేరు. పోయిందని గట్టిగా చెప్పేవాడి మీద మనకి గురి కుదురుతుంది. మనం వెతుక్కుని మరీ మోసపోతాం. తర్వాత మోసగాడిని తిడతాం.

వాణి ఫోన్‌లో వెతికితే అన్నిటికన్నా పైన వచ్చిన నంబరు కింద 'కంపెనీ సర్వీస్ సెంటర్' అని ఉంది. అలాంటి సెంటర్ ఒకటి ఉందని కంపెనీకి తెలియదన్న సంగతి చాలా తర్వాత బయటపడింది. రెండు గంటల్లో విజయభాస్కర్ దిగాడు. నీలం టీషర్టు మీద కంపెనీ పేరు, మెడలో కార్డు, వీపున పెద్ద బ్యాగు. గుమ్మం దగ్గర ఆగి బూట్లకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నాడు. ఆపరేషన్ చేసే డాక్టర్లు కూడా ఆ ఇంట్లో అంత శుభ్రంగా అడుగుపెట్టి ఉండరు.

"నమస్తే మేడమ్. ప్రాబ్లం ఏంటి మేడమ్?"

చెంచులక్ష్మి వెనక్కి తిరిగి చూసింది, వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని. నలభై ఏడేళ్లలో ఆమెని ఆ మాటతో పిలిచిన మొదటి మనిషి అతనే. లచ్చుమీ, లచ్చుమక్కా, ఏమ్మే, పిండామె, ఇవే ఆమెకి తెలిసిన పిలుపులు. ఆ ఒక్క మాటతో రిపేరు సగం అయిపోయింది. మిగతా సగం అతను ఎలా చేశాడంటే, ఫ్రిజ్‌ని ముందుకి లాగాడు, ప్లగ్గు పీకాడు, ఆమెని మొదట బకెట్ నీళ్లకి, తర్వాత పాతగుడ్డకి, ఆ తర్వాత టీకి పంపాడు. టీతో వచ్చేసరికి ప్లగ్గు మళ్లీ గోడలో ఉంది, ఫ్రిజ్ గుయ్యిమంటోంది.

"గ్యాస్ లీకైంది మేడమ్. ఫుల్‌గా నింపినా. ఇంక చూస్కోబల్లేదు."

అచ్చువేసిన బిల్లు ఇచ్చాడు. మాస్టారు దాన్ని కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "చూసినారా, జీఎస్టీ నంబరుతో సహా! ఇదీ పద్ధతి. మా ఏసీకి ఏటా గ్యాస్ నింపేది ఈ అబ్బాయే," అన్నాడు. చెంచులక్ష్మి ఆ బిల్లుని దేవుడి పటాల పక్కన పెట్టింది. ఎందుకైనా మంచిదని మేకుకి ఒకటికి బదులు మూడు నిమ్మకాయలు కట్టింది.

ఫ్రిజ్ పది రోజులు నడిచింది. పదకొండో రోజు ఆగింది. విజయభాస్కర్ వచ్చాడు, తొడుగులు వేసుకున్నాడు, ప్లగ్గు పీకాడు, టీకి పంపాడు. "బోర్డు పోయింది మేడమ్. వోల్టేజీ మేడమ్, ఈ రొయ్యల గుంటల మోటార్ల వల్ల." ఆ మాట నమ్మదగ్గదిగా ఉంది. ఈ ప్రాంతంలో పెళ్లి సంబంధం తప్పిపోయినా రొయ్యల గుంటల్నే తిడతారు. బోర్డు మార్చినట్టు ఇంకో బిల్లు దేవుడి దగ్గరికి చేరింది. నిమ్మకాయలు అయిదయ్యాయి. వాటి మధ్య ఒక గవ్వ, నల్లతాడు కూడా చేరాయి.

వారానికి మళ్లీ ఆగింది. ఈసారి విజయభాస్కర్ చాలాసేపు దిగులుగా నిలబడ్డాడు, దగ్గరి బంధువు పోయిన వార్త చెప్పడానికి వచ్చినవాడిలా.

"మేడమ్, మీరు కంగారు పడొద్దు. కంప్రెసర్. ఇప్పటికి ఎట్నో నడిపిస్తా. రెండ్రోజులు నడిస్తే గొప్ప. అడ్వాన్సు ఇస్తే శనివారం కొత్తది తెచ్చి వేస్తా." గోడ వైపు చూసి గౌరవంగా తలూపాడు. "నిమ్మకాయలు కట్టి మంచి పని చేసినారు. మిషన్లకి కూడా దిష్టి తగులుతుంది మేడమ్. మేము చూస్తుంటాం గదా."

చెంచులక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారు మూఢనమ్మకం అన్నదాన్ని కంపెనీ మనిషే ఒప్పుకున్నాడు. అడ్వాన్సు ఇచ్చింది.

రెండు రోజులు నడిస్తే గొప్ప అన్న మాట అతను చెప్పిన వాటిలో ఒక్కటే నిజమైంది. గురువారం పొద్దున ఫ్రిజ్ ఆగింది. అప్పటికి రోహిణి కార్తె వచ్చింది. పిండి మధ్యాహ్నానికే నురగలు కక్కుతోంది. అంతకుముందు ఆదివారం పంపిన పిండిలో ఒక క్యానుని రంగనాయకులు వెనక్కి పంపాడు. ఇప్పుడు సంగతి తెలిసి స్వయంగా బండి మీద వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"లచ్చుమమ్మా, పుల్ల దోసె వేస్తే జనం తిట్టేది నిన్ను కాదు, నన్ను. ఈ ఆదివారం కూడా పులిసిందనుకో, నెల్లూరు నించి ప్యాకెట్ పిండి తెప్పించుకుంటా. మళ్లీ నా దగ్గరికి రావద్దు."

"శనివారం కొత్త కంప్రెసర్ వస్తుండాది నాయనా."

"నీ కంప్రెసర్ సంగతి నాకెందుకు? నాకు పిండి కావాల."

విజయభాస్కర్‌కి ఫోన్ చేస్తే స్విచాఫ్. సాయంత్రం దాకా పద్నాలుగు సార్లు చేసింది. ఆ ఖాతా పోతే ఫ్రిజ్ ఉన్నా లేకున్నా ఒకటే. శుక్రవారం పొద్దున్నే, ఇంక దిక్కులేక, పని రాని మెకానిక్ దగ్గరికి నడిచింది.

మౌలా గురించి గొప్పగా చెప్పడానికేమీ లేదు. రేపొస్తానంటే ఎల్లుండి వస్తాడు. బీడీ కాల్చకుండా పది నిమిషాలు ఉండలేడు. చొక్కా మీద ఏ కంపెనీ పేరూ లేదు, రెండు బొత్తాలు కూడా లేవు. ఆమె చెప్పిందంతా విని, బీడీ ఆర్పి, అదృష్టం కొద్దీ ఆ రోజే బయల్దేరాడు.

ఇంట్లోకి వచ్చి సంచీ విప్పలేదు. ఫ్రిజ్ ఎదురుగా నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె అలవాటు కొద్దీ టీ పెట్టడానికి లేచింది.

"యాడికక్కా?"

"టీ పెడదామని."

"టీ వద్దు. నువ్వు ఈడే కూర్చో. టార్చి పట్టుకో. నువ్వు చూడకుండా నేను మూత తియ్యను. రేపు ఇంకేదో పోతే మౌలా పీక్కపోయినాడంటావు."

వంటింట్లోంచి ముక్కాలిపీట తెచ్చుకుని కూర్చుంది. ఆ పీట ఆ ఉద్యోగంలో చేరింది ఆ రోజే.

"మొదటి రిపేరు చేసినాక ఎన్నాళ్లు నడిచింది?"

"పది రోజులు."

"తర్వాత?"

"వారం. తర్వాత రెండ్రోజులు."

"వచ్చిన ప్రతిసారీ ముందుగా ఏం చేసినాడు?"

చెంచులక్ష్మి ఆలోచించింది. "ముందుకి లాగి ప్లగ్గు పీకినాడు. తర్వాత నన్ను నీళ్లకి పంపినాడు."

మౌలా లేచి మెయిన్ ఆపి వచ్చాడు. ఫ్రిజ్‌ని పక్కకి జరిపి ప్లగ్గు పీకాడు. టార్చి వెలుతురులో మూడు కాళ్లూ చూపించాడు. ఇత్తడి కనపడలేదు. పచ్చగా చిలుము పట్టి, దాని మీద తెల్లటి పొరలు కట్టి, తీరంలో దొరికే ఏదో పాతకాలపు వస్తువులా ఉంది. సముద్రపు గాలికి ఇక్కడ అన్నీ తుప్పు పడతాయి గాని ప్లగ్గు ఇంతలా తినుకుపోదు. అతను సాకెట్ వైపు చెయ్యి చాపాడు. ముంజేతి మీద ఒక చుక్క పడింది. వాసన చూశాడు. తల పైకెత్తాడు. అయిదు నిమ్మకాయలు, సూది గుచ్చిన అయిదు కన్నాలు, ఉక్కపోతకి ఎండకుండా కుళ్లుతూ చుక్కచుక్కగా కారుతున్న రసం. సరిగ్గా కింద సాకెట్.

రెండేళ్లుగా నెలకొక కాయ ప్లగ్గుని మెల్లగా కొరికింది. మూడు వారాలుగా దిష్టి పోవాలని కాయలు పెంచినకొద్దీ ఫ్రిజ్ ఇంకా తొందరగా ఆగింది. ఫ్రిజ్ ఆగినకొద్దీ కాయలు పెరిగాయి. ఇదంతా మౌలా చెప్పలేదు. టార్చి పట్టుకున్న మనిషే ఒక్కొక్కటిగా కూడుకుంది.

"మరి వాడు వచ్చినప్పుడల్లా ఎట్టా నడిచింది మౌలా?"

"ప్లగ్గు పీకి పెట్టినాడు గదక్కా. పెట్టేటప్పుడు చిలుము కాస్త గీసుకపోతది, నాలుగు రోజులు కరెంటు అందుతది. నువ్వు పీకి పెట్టినా నడిచేది."

రెండు బిల్లులు, అడ్వాన్సు కన్నా ఆ ఆఖరి మాట ఆమెకి ఎక్కువ నొప్పి పెట్టింది.

మౌలా ఫ్రిజ్ వెనక్కి టార్చి తిప్పించాడు. "ఈ సన్న రాగి పైపు చూడు. గ్యాస్ నింపాలంటే దీన్ని కోసి మళ్లీ అతకాల. అతుకు చోట నల్లగా కాలినట్టుంటది. ఉండాదా? లేదు. ఇదిగో బోర్డు, దీని మీద రెండేళ్ల దుమ్ము. కొత్త బోర్డు దుమ్ముతో రాదు గదా. కంప్రెసర్‌కి ఏం రోగం లేదు. ఇంకోటి చెప్తా విను. కంప్రెసర్ అంటే మా యమ బరువు. అది మోసేవాడు ఒక పక్కకి ఒరిగి నడుస్తాడు. రేపు వాడు ఎట్టా నడుస్తాడో చూడు."

కొత్త ప్లగ్గు, కొత్త సాకెట్ బిగించి, వైరు కొసలు ఉప్పుకాగితంతో రుద్దాడు. మెయిన్ వేశాడు. ఫ్రిజ్ గుయ్యిమంది.

"అక్కా, నిమ్మకాయలు..." అని ఆగాడు. అతని ఇబ్బంది ఆమెకి అర్థమైంది.

"తీసెయ్యమంటావా?"

"తియ్యమన్లేదక్కా. జరపమంటుండా. దిష్టి వచ్చేది గుమ్మంలోనించి గదా, ప్లగ్గులోనించి కాదు గదా. మా కొట్టుకి గూడా కట్టుండాది. తలుపుకి."

అన్నేళ్లుగా మాస్టారు మూఢనమ్మకాల మీద చేసిన ప్రసంగాలు ఒక్క మిరపకాయని కూడా కదిలించలేదు. మౌలా మాటకి దండ మొత్తం అయిదు నిమిషాల్లో గుమ్మానికి మారింది.

మౌలా పోగానే ఆమె ఆదివారం పిండికి బియ్యం, పప్పు నానబోసి మధ్యాహ్నం రుబ్బింది. సాయంత్రానికి అది పొంగగానే మూడు క్యాన్లూ ఫ్రిజ్‌లో పెట్టింది. విజయభాస్కర్‌కి ఫోన్ చేయలేదు.

శనివారం పదకొండు గంటలకి అతనే వచ్చాడు. బండి దిగి, బ్యాగు వీపుకి తగిలించుకుని, నిటారుగా, ఈల వేసుకుంటూ నడిచి వచ్చాడు. చెంచులక్ష్మి ఆ నడకని గుమ్మంలోంచి చివరిదాకా చూసింది. కంపెనీ పని ఎలా జరుగుతుందో చూడాలని మాస్టారు కూడా వెనకాలే వచ్చాడు.

"ముందు టిఫిన్ చెయ్యండి సార్. ఎండలో వచ్చినారు. మాస్టారూ, మీరూ కూర్చోండి."

వాళ్లు చేతులు కడుక్కుని వచ్చేలోపల ఫ్రిజ్ తెరిచి పిండి గిన్నెలోకి తీసుకుంది. పెనం మీద కారం దోసె వేసింది. ఎర్రకారం, పప్పులపొడి, అంచుల చుట్టూ నెయ్యి. విజయభాస్కర్ మొదటిది మాట్లాడకుండా తిన్నాడు. రెండోది తింటూ కళ్లు మూసుకున్నాడు. అతను మూడోది మొదలుపెట్టినప్పుడు ఆమె నీళ్ల సీసా కోసమన్నట్టు ఫ్రిజ్ తలుపు తీసి, లోపలి చల్లదనం తిప్పుడు బొత్తాన్ని సున్నాకి తిప్పి, తలుపు మూసింది.

"ఏం దోసె మేడమ్! నెల్లూరులో ఇంత బాగా యాడా తిన్లేదు. పిండి ఒక్క రవ్వ పులిస్తే ఒట్టు."

"మీరేమంటారు మాస్టారూ?"

"అద్భుతం అమ్మా. ఇప్పుడే రుబ్బినట్టుంది."

చేతులు కడుక్కుని విజయభాస్కర్ తొడుగులు వేసుకున్నాడు. ఫ్రిజ్ వెనక్కి చెయ్యి పెట్టి, కళ్లు మూసి, నాడి చూశాడు. చెయ్యి తీసి నిట్టూర్చాడు.

"అయిపోయింది మేడమ్. జామ్. గురువారం నించి లోపల చల్లదనమే ఉండదు. నేను చెప్పినా గదా. ఒక గ్లాసు టీ పెట్టండి, ఈలోపల కొత్తది వేసేస్తా."

చెంచులక్ష్మి టీకి లేవలేదు. ముక్కాలిపీట లాగి అతని ఎదురుగా వేసుకుంది.

"సార్, మీరిప్పుడు మూడు దోసెలు తిన్నారే, ఆ పిండి ఎప్పటిదనుకుంటుండారు?"

"ఇయ్యాల పొద్దున్ది."

"నిన్న మధ్యాహ్నం రుబ్బినా. సాయంత్రం నించి మీరు వచ్చిందాకా మీ చచ్చిపోయిన కంప్రెసర్‌లోనే ఉండాది. రోహిణి కార్తెలో. ఒక్క రవ్వ పులవలేదని మీరే ఒట్టేసినారు."

తలుపు తీసింది. చల్లటి గాలి అతని మొహానికి తగిలింది. బొత్తాం తిప్పింది. ఫ్రిజ్ గుయ్యిమంది.

అతను తక్కువవాడు కాదు. "చూసినారా మేడమ్," అన్నాడు వెంటనే. "నేను చెయ్యి పెట్టినా గదా, కదిలింది. ఒక్కోసారి అట్టా..."

"గ్యాస్ నింపిన అతుకు చూపించు అబ్బయ్యా."

సార్ పోయి అబ్బయ్య వచ్చిన సంగతి అతను గమనించాడు. "లోపల ఉంటది అది. కనపడదు."

"కొత్త బోర్డు మీద రెండేళ్ల దుమ్ము ఎట్టా పడింది?"

"ఇక్కడ గాలి..."

"సరే, ఆ బ్యాగు తియ్యి. కొత్త కంప్రెసర్ మేము కూడా చూస్తాం. మాస్టారికి చూపించు."

బ్యాగులో ఒక వానకోటు, నీళ్ల సీసా, రెండు స్క్రూడ్రైవర్లు, బిల్లు పుస్తకం ఉన్నాయి. బిల్లు పుస్తకం మాత్రం చాలా లావుగా ఉంది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి, తన ఏసీ సంగతి మనసులో మెదులుతున్న మనిషి, ఇలా అన్నాడు: "అయితే అమ్మా, బిల్లులైతే సక్రమంగా ఇచ్చినాడు గదా."

"ఇచ్చినాడు మాస్టారూ. పిండి ఆ బిల్లుల్లో పెట్టమంటారా, చల్లగా ఉంటదేమో?"

అప్పటికి గుమ్మంలో వీధి సగం చేరింది. విజయభాస్కర్ అడ్వాన్సు తిరిగి ఇచ్చాడు. పాత రెండు బిల్లుల సంగతి ఆఫీసులో మాట్లాడి చెప్తానన్నాడు. ఆ ఆఫీసు ఎక్కడుందో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. వెళ్తూ కాళ్లకున్న ప్లాస్టిక్ తొడుగులు తీయడం మరిచిపోయి, వాటితోనే బండెక్కాడు.

ఆదివారం పొద్దున మూడు క్యాన్లూ మైపాడు చేరాయి. రంగనాయకులు మొదటి దోసె తనే తిని, ఏమీ అనకుండా రెండోది పెనం మీద వేశాడు. ఆయన మెచ్చుకోవడం అంతే. మధ్యాహ్నానికి ఫోన్ చేసి, "వచ్చే వారం ఇంకో క్యాను పంపించు," అన్నాడు. ప్యాకెట్ పిండి మాట మళ్లీ రాలేదు.

ఈ కథ నుంచి వీధి ఏం నేర్చుకుంది? గుమ్మానికి కట్టిన నిమ్మకాయలు చాలా శక్తివంతమైనవని, అటు కట్టిన మర్నాడే దొంగ దొరికాడని నేర్చుకుంది. ఇప్పుడు వీధిలో ప్రతి గుమ్మానికీ అయిదేసి కాయలున్నాయి. ప్లగ్గులకి అందనంత వరకు వాటి వల్ల నష్టం లేదు. మౌలాకి గిరాకీ పెరిగింది, దాంతో రేపొస్తానంటే ఎల్లుండి కూడా రావడం లేదు. "మంచోడే గాని మనిషి దొరకడు," అని ఇప్పుడు తిడుతున్నారు. పని రాదన్నప్పటి కంటే ఇది మెరుగు. చెంచులక్ష్మి అతని పక్కన కూడా పీట వేసుకునే కూర్చుంటుంది. మంచివాళ్లని నమ్మాలి కదా అని ఎవరో అంటే, "నమ్మకం ఉంటే ఉండనీ, కళ్లు మూసుకోడం ఎందుకు? ఆయనే చూడమన్నాడు," అంది.

చంద్రమౌళి మాస్టారు వీధి వాట్సాప్ గ్రూపులో ఈ విషయం మీద ఏమీ రాయలేదు. జూన్‌లో ఒక మధ్యాహ్నం, వీధి నిద్రపోతున్న వేళ చూసి, ఊరికే ఒకసారి వచ్చి పొమ్మని చెంచులక్ష్మికి కబురు పెట్టాడు. పీటతో పోయింది. మాస్టారు అప్పటికే పిలిపించిన మౌలా ఏసీ మూత తీసి, జల్లెడ లాంటి వలని బయటికి లాగాడు. దాని మీద దుమ్ము దుప్పటిలా లేచి వచ్చింది. గ్యాస్ నింపే చోట ఉన్న బిరడాని కంపెనీ బిగించిన తర్వాత మనిషి చెయ్యి తాకిన గుర్తు లేదు.

"ఎన్నేళ్లు నింపించినారు మాస్టారూ?"

"ఆరు," అన్నాడు. "ఈ విషయం బయట..."

"నేనెందుకు చెప్తా మాస్టారూ," అంది చెంచులక్ష్మి. నిజంగానే చెప్పలేదు. మాస్టారి భార్య చెప్పింది, సాయంత్రం కుళాయి దగ్గర, నవ్వు ఆపుకోలేక.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఆ ఇంటి ముందు బండి ఆగింది. దిగినవాడి టీషర్టు ఈసారి ఆకుపచ్చగా ఉంది, దాని మీద ఇంకో కంపెనీ పేరు ఉంది. గుమ్మం లోపలికి రాలేదు. నిమ్మకాయల కింద నిలబడి నేల చూస్తూ అడిగాడు.

"అమ్మా, రెండు కేజీలు పిండి కావాల. మా ఇంట్లో... ఆ దోసెల సంగతి చెప్పినా. అప్పటి నించి అడుగుతా ఉండారు."

చెంచులక్ష్మి పీట మీద నుంచే అతన్ని పైనుంచి కిందికి చూసింది. కోపం కోసం వెతుక్కుంది. ఉంది గాని, పిండి బాగుందన్నవాడి మీద అది సరిగ్గా నిలబడడం లేదు.

"మేడమ్ ఏమైంది అబ్బయ్యా?"

అతను జేబులోంచి డబ్బులు తీశాడు.

"అమ్మా అన్నావు గాబట్టి ఇస్తా. డబ్బులు ముందు ఆ అరుగు మీద పెట్టు. నిన్నటి పిండి ఉండాది, ఇయ్యాల్టిది ఉండాది. ఏది కావాల?"

"ఏదైనా పర్లేదమ్మా. మీ ఫ్రిజ్‌లో పులవదు గదా."

ఆమె లోపలికి పోయి తూకం వేసి, సంచీలో పోసి, మూతి కట్టి తెచ్చింది. ఇచ్చే ముందు ఒక క్షణం ఆగింది.

"ఇంటికి పోయినాక ముందు మీ ప్లగ్గు చూసుకో," అంది.